రైలుబొమ్మల కొలువు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వస్తువును చిన్నదిగా చేసి చూపాలంటే ముందు దానిని పూర్తిగా తెలుసుకోవాలి. కొలతలో కచ్చితత్వం, వివరాల ఎంపికలో ఔచిత్యం, కనుమరుగవుతున్న వాటిపట్ల బాధ్యత అనే మూడు గుణాలను నమూనా రైళ్ల ప్రదర్శన ఆధారంగా విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

దసరాకో సంక్రాంతికో తెలుగువారి లోగిళ్లలో బొమ్మల కొలువు తీరుతుంది. మెట్లు మెట్లుగా అమర్చిన బల్లల మీద దేవతలు, రాజులు, పెండ్లివారు, అంగడి వీధి, పొలం దున్నే రైతు, పాలమ్మే గొల్లభామ వారి వారి స్థానాలలో కుదురుకుంటారు. ఏడాది పొడవునా పెట్టెలో నిద్రించిన బొమ్మలు ఆ కొద్ది రోజులు ఒక లోకంగా మేల్కొంటాయి. ఇటువంటి కొలువే ఇంగ్లండు దేశంలో మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ కొలువుదీరేది రైలుబండి. రైలుమార్గం పుట్టి పెరిగిన ఆ దేశంలో నమూనా రైళ్ల ప్రదర్శన అనేది ఒక సాంఘిక ఆచారంగా స్థిరపడింది. పెద్ద నగరాలలోనే కాక చిన్న చిన్న పట్టణాలలో సైతం స్థానిక అభిరుచి సంఘాలు ఇటువంటి ప్రదర్శనలను ఏర్పాటు చేస్తుంటాయి.

చలికాలపు శనివారం ఉదయం అటువంటి ఒక పట్టణంలోని పాఠశాల సభామందిరంలో అడుగుపెట్టిన సందర్శకునికి మొదట కనిపించేది ఆడంబరం కాదు. ద్వారం దగ్గర బల్ల వేసుకొని కూర్చున్న పెద్దాయన ప్రవేశ రుసుము తీసుకొని, ఏ నమూనా ఎక్కడ ఉన్నదో తెలిపే చిన్న పుస్తకాన్ని చేతికిస్తాడు. ఒక మూల టీ కాగుతుంటుంది. సంఘ సభ్యుల ఇళ్లలో చేసి తెచ్చిన కేకులను అమ్ముతుంటారు. మరో మూల వాడిన పాత ఇంజన్లు, పెట్టెలు, పట్టాల ముక్కలు అమ్మకానికి ఉంటాయి. తాతలు మనుమల చేతులు పట్టుకొని తిరుగుతుంటారు. మందిరమంతా నడుము ఎత్తున బల్లలు. ప్రతి బల్ల మీద ఒక్కొక్క ఊరు.

ఆ ఊళ్లలో ఒకదాని ముందు ఆగి చూద్దాం. అది ఒక పల్లెటూరి స్టేషను. ఒకే ఒక ప్లాట్‌ఫారం, దాని మీద వరుసగా పాల క్యాన్లు, పెంకుటి కప్పు కింద టికెట్టు గది, పక్కన బొగ్గు కుప్ప, ఇంజనుకు నీరు పట్టే తొట్టి. గోడ మీద వేలిగోరులో సగమైనా లేని పిల్లి ఒకటి కూర్చొని ఉంటుంది. ఇంతలో సిగ్నలు చెయ్యి కదులుతుంది. వంతెన కిందనుంచి చిన్న ఆవిరి ఇంజను రెండు పెట్టెలను లాగుకుంటూ నెమ్మదిగా వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది. ఇంజను పెట్టెలనుండి విడివడి, పక్కపట్టా మీదుగా వెనుకకు నడిచి, బండి రెండో కొనకు తగులుకుంటుంది. ముక్కాలిపీట ఎక్కి నిలబడ్డ పిల్లవాడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఇంజను కూత కూడా వేస్తే అతని ఆనందానికి అవధి ఉండదు. పిట్ట కొంచెం, కూత ఘనం అనే సామెత అక్కడ అక్షరాలా నిజమవుతుంది.

ఎప్పుడైనా ఒక చక్రం పట్టా తప్పితే ఆకాశంనుంచి ఒక పెద్ద చెయ్యి దిగివస్తుంది. పెట్టెను పైకెత్తి మళ్లీ పట్టాలమీద నిలిపి మాయమవుతుంది. ఆ క్షణంలో చూపరుల భ్రమ చెదిరిపోతుంది. బండి కదలగానే అది మళ్లీ కుదురుకుంటుంది. తోలుబొమ్మలాటలో తెర వెనుక కళాకారుని చేతులు ఉన్నాయని ఎరిగి ఉండీ ప్రేక్షకుడు ఆంజనేయుణ్ణి నమ్మినట్లే ఇదీను. ఇక్కడ కూడా తెర ఉంది. వంతెనకో కొండకో అవతల, చూపరులకు కనపడని చోట పట్టాలు అనేక శాఖలుగా చీలి ఉంటాయి. రాబోయే బండ్లన్నీ అక్కడే వరుసదీరి వేచి ఉంటాయి. వేషగాళ్లు వేచియుండే చోటును నాటకశాస్త్రం నేపథ్యం అన్నది. రైలుబొమ్మలకూ అటువంటి నేపథ్యం అవసరమైంది. ఫిడిల్ యార్డ్ అని వారు దానికి పెట్టుకున్న పేరు.

బండి నడవడానికి మూలమైన సూత్రం సరళమైనది. రెండు పట్టాలు రెండు విద్యుత్ తీగలవలె పనిచేస్తాయి. సాధారణంగా 12 వోల్టులకు మించని ఏకముఖ విద్యుత్తు ఒక పట్టానుంచి చక్రాల ద్వారా ఇంజనులోని మోటారుకు చేరి, రెండో పట్టా ద్వారా తిరిగిపోతుంది. వోల్టేజిని పెంచితే వేగం పెరుగుతుంది. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనుకకు నడుస్తుంది. 1990వ దశకంనుంచి మరొక పద్ధతి కూడా వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో పట్టాలలో విద్యుత్తుతోపాటు సంకేతాలు ప్రవహిస్తాయి. ప్రతి ఇంజనులో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉండి, తనకు కేటాయించిన సంఖ్యతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. అందువల్ల ఒకే పట్టామీద రెండు ఇంజన్లను వేరువేరు వేగాలతో నడపడం సాధ్యమైంది.

ఈ అభిరుచికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును, విడిగా కొని జోడించుకుంటూ పోగల పట్టాలను ప్రదర్శించింది. బొమ్మ రైలు ఒక వస్తువుగా కాక క్రమంగా పెరిగే వ్యవస్థగా మారడానికి అది నాంది. ఇంగ్లండులో మెకానో అనే నిర్మాణ క్రీడాసామగ్రిని రూపొందించి 1901లో పేటెంటు పొందిన ఫ్రాంక్ హార్న్‌బీ, 1920లో రైళ్లను కూడా విపణిలోకి తెచ్చాడు. ఆయన సంస్థ 1938లో బల్లమీద ఇమిడే చిన్న పరిమాణపు రైళ్లను ప్రవేశపెట్టడంతో సామాన్య గృహస్థుల ఇళ్లలోనూ వాటికి చోటు దొరికింది. అంతకుముందే 1910లో లండన్ నగరంలో పెద్దల కోసమే ఒక నమూనా రైళ్ల సంఘం ఏర్పడింది. పిల్లల ఆటవస్తువు పెద్దల సాధనగా మారిందనడానికి ఇది నిదర్శనం.

ఆటకూ సాధనకూ నడుమ గీత గీసేది కొలత. ఇంగ్లండులో ఎక్కువ ప్రచారంలో ఉన్న నిష్పత్తిలో అసలు వస్తువులోని ఒక అడుగు నమూనాలో 4 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే సుమారు 76వ వంతు. 64 అడుగుల పెట్టె 256 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఈ లెక్కన ఒక మైలు దూరం 21 మీటర్లను దాటుతుంది. సభామందిరమంతా ఆక్రమించినా రెండు పక్క ఊళ్ల మధ్య ఉండే దూరాన్ని చూపడం కష్టమే. వేగం విషయంలోనూ ఇదే గణితం వర్తిస్తుంది. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే బండి నమూనాలో సెకనుకు 35 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. ఉత్సాహం కొద్దీ అంతకంటె వేగంగా నడిపితే అది రైలు కాదు, బొమ్మ అవుతుంది.

కొలత విషయంలో జరిగిన ఒక విచిత్రం ఇక్కడ గమనార్హం. ప్రామాణిక రైలుమార్గంలో పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన అది 18.83 మిల్లీమీటర్లు కావాలి. కాని అంగళ్లలో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. ఐరోపా ఖండపు ఇంజన్లకంటె బ్రిటిషు ఇంజన్లు పరిమాణంలో చిన్నవి. తొలినాళ్లలో దొరికిన మోటార్లు వాటి నమూనాలలో ఇమడలేదు. అందుచేత తయారీదారులు ఇంజను దేహాన్ని కాస్త పెంచి, పట్టాలను మాత్రం పాత కొలతలోనే ఉంచివేశారు. నాటి రాజీ నేటికీ కొనసాగుతున్నది. చాలామంది దానిని పట్టించుకోరు. కొందరు మాత్రం ఆ రెండున్నర మిల్లీమీటర్ల లోపు తేడాను సహించలేక, చక్రాలను మార్చి, పట్టాలను తమ చేతులతోనే ఒక్కొక్క స్లీపరుపై అమర్చుకుంటారు. అది చాదస్తమని నవ్వేవారు ఉండవచ్చు. చందస్సులో ఒక్క మాత్ర తప్పినా పద్యాన్ని చెరిపి తిరిగి రాసుకునే కవికి మాత్రం వారి బాధ అర్థమవుతుంది.

అన్నింటినీ కొలిచి తగ్గించడం సాధ్యం కాదు. నీటిబొట్టును 76వ వంతుకు కుదించలేము. నిజమైన నీటిని పోస్తే అది నదివలె కాక పళ్లెంలోని నీటివలె కనిపిస్తుంది. అందువల్ల పారదర్శకమైన వార్నిషును పలుచని పొరలుగా పూసి వాగును సృష్టిస్తారు. సన్నని తీగలను పురిపెట్టి చెట్ల కొమ్మలు చేస్తారు. నైలాను పోగులను స్థిర విద్యుత్తు సహాయంతో జిగురు మీద నిలువుగా నిలబెట్టి గడ్డి మొలిపిస్తారు. పట్టాల నడుమ కంకర పరచి, దానిమీద పలుచని జిగురును చుక్కలు చుక్కలుగా విడుస్తారు. ఆ జిగురులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలపకపోతే అది కంకరలోకి ఇంకక పైనే ముత్యంలా నిలిచిపోతుంది. తలతన్యత గురించి భౌతికశాస్త్రం చెప్పే పాఠం ఇది.

చోటు చాలనప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అనే ప్రశ్న తలెత్తుతుంది. ప్లాట్‌ఫారాన్ని కుదించవచ్చు, కాని సిగ్నలు గదిని తీసివేస్తే ఆ స్టేషను ఆ స్టేషను కాకుండాపోతుంది. పది ఇళ్లకు బదులు మూడు ఇళ్లు ఉంచవచ్చు, కాని ఆ మూడూ ఆ ఊరి స్వభావాన్ని పలికించాలి. ఇది కావ్యరచనకు కొత్త సమస్య కాదు. తిక్కన సోమయాజి భీష్మపర్వంలో 700 శ్లోకాల భగవద్గీతను కొద్దిపాటి పద్యాలలో సంక్షేపించాడు. సంక్షేపం అంటే కత్తిరించడం కాదు, సారాన్ని గ్రహించి నిలపడం. ఆ ఔచిత్యం తెలిసినవాడే మంచి నమూనా చేయగలుగుతాడు.

ఇంత శ్రమ దేనికి అనే ప్రశ్నకు సమాధానం బల్ల మీద కాక బల్ల వెనుక నిలబడిన వ్యక్తుల వయస్సులో దొరుకుతుంది. వారిలో అనేకులు నెరసిన తలలవారు. వారు చూపుతున్న పల్లె స్టేషన్లలో చాలామటుకు నేడు లేవు. 1963లో డాక్టర్ రిచర్డ్ బీచింగ్ సమర్పించిన నివేదిక బ్రిటన్‌లో 2,000కు పైగా స్టేషన్లను, సుమారు 8,000 కిలోమీటర్ల మార్గాలను మూసివేయాలని సిఫారసు చేసింది. అందులో అధికభాగం అమలు జరిగింది. 1968 ఆగస్టులో బ్రిటిషు రైల్వేల ప్రధాన మార్గాలపై ఆవిరి యుగం ముగిసింది. పట్టాలు పీకివేసిన చోట్ల ముళ్లపొదలు పెరిగాయి, కొన్ని చోట్ల కాలిబాటలు, రోడ్లు వచ్చాయి. బాల్యంలో ఎక్కిన బండిని మళ్లీ చూడాలనుకున్నవారికి దానిని చేతులతో చేసుకోవడం తప్ప మార్గాంతరం లేకపోయింది. పాత ఛాయాచిత్రంలో గోడ కనిపిస్తే దాని ఇటుక వరుసలను లెక్కపెట్టి, నాలుగు వరుసలకు ఒక అడుగు చొప్పున ఎత్తును తేల్చుకున్నారు. జ్ఞాపకానికి కొలతను తోడు చేశారు.

ఈ ఆలోచనను ముందుగానే ఆచరణలో పెట్టినవాడు రాయ్ ఇంగ్లండ్. ఆయన 1925లో ఆస్ట్రేలియానుంచి ఇంగ్లండుకు వచ్చాడు. వైట్ హార్స్ లోయలోని గడ్డికప్పుల ఇళ్లు ఆయనను ఆకర్షించాయి. అయితే ఆ ఇళ్లు తన కళ్లముందే రూపు మారిపోతుండటం ఆయన గమనించాడు. వాటిని ఆపే శక్తి ఆయనకు లేదు. అందువల్ల ఆ ఇళ్లను కొలిచి, అట్టతో 76వ వంతు పరిమాణంలో నిర్మించసాగాడు. ఆ కృషినుంచే 1954లో ఆక్స్‌ఫర్డ్ సమీపాన లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో పెండన్ మ్యూజియం రూపుదిద్దుకుంది. 1920, 1930 దశకాలనాటి ఆ లోయ పల్లెజీవనం అక్కడ స్వచ్ఛంద సేవకుల చేతులలో నేటికీ పెరుగుతూనే ఉంది. ఒక్కొక్క ఇంటిని పూర్తిచేయడానికి వందల గంటలు పట్టడం అక్కడ సామాన్యం. ఆ ఊరిని చూసినవారికి రైలు నెపమాత్రమనీ, అసలు వస్తువు కాలమనీ తోస్తుంది.

కాలం ఈ అభిరుచిని కూడా విడిచిపెట్టలేదు. బర్మింగ్‌హామ్‌లోని విశాలమైన ప్రదర్శనశాలలో ఒక స్థానిక సంఘం 1993నుంచి నడిపిన వార్లీ జాతీయ ప్రదర్శనకు దేశదేశాలనుంచి సందర్శకులు వచ్చేవారు. అంత పెద్ద భారాన్ని మోయగల సభ్యులు తగ్గిపోవడంతో 2023లో జరిగిన ప్రదర్శనే చివరిదైంది. చేసినవారి చేతులు అలసిపోయేలోగా నేర్చుకునే చేతులు సిద్ధం కాకపోతే, నమూనా సైతం అసలు వస్తువు పోయిన దారినే పోతుంది. ముక్కాలిపీట ఎక్కి చూసే పిల్లవాడిని పిలిచి, నడిపే మీటను అతని చేతికి ఇచ్చే పెద్దలు స్థానిక ప్రదర్శనలలో కనబడటానికి కారణం ఇదే.

మన దేశంలో ఈ అభిరుచి విరివిగా లేకపోయినా శూన్యం కాదు. పుణే నగరంలోని కోత్రుడ్ ప్రాంతంలో 1998లో ప్రజలకోసం తెరిచిన జోషీ సూక్ష్మ రైళ్ల మ్యూజియం బి.ఎస్. జోషీ అనే ఒక అభిరుచిపరుని దీక్షకు ఫలం. అక్కడ ఒక చిన్న నగరం వీధులు, వంతెనలు, సిగ్నళ్ల నడుమ రకరకాల బండ్లు తిరుగుతాయి. ఇంగ్లండులోవలెనే ఇక్కడా అసలు రైలుమార్గాలు మారిపోతున్నాయి. 1992లో ప్రారంభమైన ఏకగేజి పథకం వల్ల మీటరుగేజి మార్గాలు ఒకటొకటిగా బ్రాడ్‌గేజిగా మారాయి. బ్రాడ్‌గేజిపై ఆవిరి బండ్ల దైనందిన సేవ 1995లో ముగిసింది. గుంటూరు - గుంతకల్లు మార్గం ఒకప్పుడు మీటరుగేజి అన్న సంగతి నేటి యువతకు పెద్దలు చెబితేనే తెలుస్తుంది. మార్పు వల్ల ప్రయాణ సౌకర్యం పెరిగిందనడంలో సందేహం లేదు. అయితే మారకముందు అవి ఎలా ఉండేవో కొలిచి ఉంచుకోవలసిన పని ఒకటి మిగిలిపోయింది.

ఉదాహరణకు గోదావరిపై రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ నిర్మించిన హేవ్‌లాక్ వంతెనను తీసుకోవచ్చు. 1900లో రాకపోకలకు తెరిచిన ఆ వంతెన 1997లో విశ్రాంతి పొందింది. 150 అడుగుల చొప్పున దానికి 56 ఖానాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన ఒక్కొక్క ఖానా 60 సెంటీమీటర్లు అవుతుంది. మొత్తం వంతెనకు 33 మీటర్లకు పైగా చోటు కావాలి. అంత చోటు ఏ కళాశాల తరగతి గదిలోనూ ఉండదు. అయితే మూడు ఖానాలు, రెండు రాతిస్తంభాలు, ఇసుకతిన్నె, ఒక నాటుపడవ చాలు - చూసినవారు ఇది గోదావరి అని గుర్తిస్తారు. దానిపై వేసే పట్టాల మధ్య దూరం మాత్రం 22 మిల్లీమీటర్లు ఉండాలి. ఎందుకంటే మన బ్రాడ్‌గేజి ఐదున్నర అడుగులు. ఇందుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. అట్ట, వెదురుపుల్లలు, జిగురు, గళ్ల కాగితం, స్కేలు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. కొలతలకోసం పట్టాల మీదికి దిగడం ప్రాణాపాయం, చట్టవిరుద్ధం కూడా. పాత ఛాయాచిత్రాలు, ఇటుక వరుసలు, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగుల మాటలు తగిన ఆధారాలవుతాయి.

ఆదివారం సాయంత్రానికి ఆ ఆంగ్ల పట్టణంలో ప్రదర్శన ముగుస్తుంది. ఊళ్లను మరమేకులు విప్పి ముక్కలు చేస్తారు. చెట్లు విరగకుండా పెట్టెలలో సర్ది బండ్లలోకి ఎక్కిస్తారు. ఎవరో ఒక సభ్యుడు నేల ఊడుస్తాడు. సోమవారం ఉదయానికి అది మళ్లీ పాఠశాల సభామందిరమే. కొలువు ఎత్తివేసిన మరునాటి లోగిలి వలె అది కాస్త వెలితిగా కనిపించవచ్చు. కాని ఆ రెండు రోజులలో ఒక పిల్లవాడు వచ్చిన బండిని మాత్రమే చూసి ఊరుకోక, ఆ స్టేషను ఏ ఊరిదని, ఇప్పుడు ఉందా అని అడిగి ఉంటే, ఆ ప్రదర్శన సఫలమైనట్లే.

పదాలు - అర్థాలు

లోగిలి : ఇంటి ముంగిలి, ఇల్లు
నేపథ్యం : నటులు వేషం వేసుకునే తెరచాటు చోటు
ఔచిత్యం : తగినదై ఉండటం
సంక్షేపం : సారం చెడకుండా కుదించడం
విపణి : అంగడి, బజారు
నాంది : ప్రారంభం
తలతన్యత : ద్రవం ఉపరితలాన్ని బిగుతుగా పట్టి ఉంచే గుణం
ఖానా : వంతెనలో రెండు స్తంభాల నడుమ భాగం
నెపమాత్రం : కేవలం ఒక సాకు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నమూనా రైళ్ల నిర్మాణంలో కొలతకు, ఔచిత్యానికి గల ప్రాధాన్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. కనుమరుగైన వాటిని నమూనాలు ఏ విధంగా నిలుపుతున్నాయో సోదాహరణంగా రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అంగళ్లలో దొరికే నమూనా పట్టాలు అసలు నిష్పత్తికంటె ఇరుకుగా ఉండటానికి కారణమేమి?
2. రాయ్ ఇంగ్లండ్ కృషిని గురించి తెలపండి.
3. నమూనా రైలు విద్యుత్తుతో ఎలా నడుస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మార్‌క్లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో రైళ్లను ఏ సంవత్సరంలో ప్రదర్శించింది?
2. హేవ్‌లాక్ వంతెనకు ఎన్ని ఖానాలు ఉన్నాయి?
3. నమూనాలో వాగును దేనితో సృష్టిస్తారు?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో రూపు మారుతున్న ఒక పాత కట్టడాన్ని ఎన్నుకోండి. పెద్దలను అడిగి దాని వివరాలు సేకరించండి. అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున గళ్ల కాగితంపై దాని ముందుభాగాన్ని గీయండి. చోటు చాలక వదిలివేసిన అంశాలేవో, వాటిని ఎందుకు వదిలారో పది వాక్యాలలో రాయండి.